రెండో బ్రేకు

ఆ ఇంటి కారుకి రెండు బ్రేకులున్నాయి. ఒకటి అందరి కార్లలోలాగే నడిపేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ కాలి కింద. డ్రైవింగ్ స్కూలు కారు మరి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే పక్కనున్న మాస్టారు తొక్కి ఆపాలని పెట్టించిన బ్రేకు అది. చిక్కల్లా మాస్టారితోనే. ఆయన దాన్ని తొక్కరు. తొక్కితే ఎదుటి మనిషి ఎక్కడ నొచ్చుకుంటాడోనని ఆయన బెంగ.

నమ్మకపోతే ఆయన భార్యని అడగండి. ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగి కారును తిన్నగా పూలకుండీల దుకాణం మీదికి పోనిస్తుంటే మాస్టారు, కొంచెం కుడికి తిప్పితే బాగుంటుందేమోనండీ అన్నారు. కుండీలన్నీ పగిలాక, మొత్తానికి ఆపారు, చాలా నయం అని మెచ్చుకున్నారు కూడా. ఆ కుండీల ఖరీదు ఎవరిచ్చారన్నది వేరే చెప్పక్కర్లేదు. దుకాణం వాడు అడిగాడు, ఈయన సరేలెండి అన్నారు.

ఆ మాటే ఆయనకి పేరైపోయింది. వెనకాల అందరూ ఆయన్ని సరేలెండి మాస్టారనే అంటారు. గుమ్మంలోకి ఎవరు ఏది మోసుకొచ్చినా ఆయన నోట వచ్చే మాట అదే. అందుకే ఆ ఇంట్లో నీళ్ళ ఫిల్టర్లు రెండున్నాయి. ఎవరూ ఎక్కని వ్యాయామం సైకిలు ఒకటుంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. విజ్ఞాన సర్వస్వం మూడో సంపుటం నుంచి ఉంది. మొదటి రెండూ తర్వాత తెచ్చిస్తానని అమ్మినవాడు మళ్ళీ కనబడలేదు.

అయినా ఆ ఇల్లు ఇంకా నిలబడి ఉందంటే అదంతా మాస్టారి తల్లి చలవ. ఆవిడ దేనికైనా సరే ససేమిరా అంటారు. మనవరాలు, అంటే ఇంట్లో అందరూ లాయరమ్మ అని పిలిచే పదకొండేళ్ళ పిల్ల, నానమ్మకి ససేమిరా అనే పేరు పెట్టేసింది. ఆవిడ కారణం చెప్పరు, వాదించరు, గొంతు పెంచరు. ఎదుటి మనిషి చెవి వంక చూస్తూ వద్దంటారు, అంతే. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ముచ్చటపడి నీలం రంగు తెరలు ఎంచుకుంటే వద్దన్నారు. వంటింటికి ఇంకో కిటికీ పెట్టిద్దామంటే వద్దన్నారు. పిల్లిపిల్లని తెస్తే అది గడప దాటకముందే వద్దన్నారు. తన చెవుల వంకే చూస్తున్నారేమిటా అని కోడలు ఆ రోజుల్లో పాపం మూడు జతల కమ్మలు మార్చి చూసింది. లాభం లేకపోయింది.

కోడలు ఫొటోలకి ఫ్రేములు కడుతుంది. పెళ్ళి ఫొటోలు, డిగ్రీ పట్టాలు, పోయినవాళ్ళ బొమ్మలు, ఎవరు ఏది తెచ్చినా సరే. కొట్టు లేదు కాబట్టి భోజనాల బల్లే ఆమె కొట్టు. పగలంతా దాని మీద గాజు కోస్తుంది, చెక్క పట్టీల మూలలు ఏటవాలుగా కోసి అతికిస్తుంది. సాయంత్రం సరంజామా అంతా మంచం కిందికి తోసి, బల్ల తుడిచి కంచాలు పెడుతుంది. తినేటప్పుడు ఇంటిల్లిపాదీ మొదటి ముద్ద మెల్లగా నమిలి చూసుకోవడం అలవాటు చేసుకున్నారు.

వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన తన గది ఖాళీ చేశాడు. చిన్న గదే, కానీ రెండు వైపులా వెలుతురు. ఆ గది మీద కోడలికి ప్రాణం కొట్టుకుంది. అటు వెళ్ళినప్పుడల్లా ఏ గోడకి పట్టీలు నిలబెట్టాలో, గాజు బల్ల ఎక్కడ వెయ్యాలో చూసుకుని వచ్చేది. అడిగిన ప్రతిసారీ అత్తగారు ససేమిరా అన్నారు. చివరికి గాజు పెంకొకటి ఆవిడ చెప్పులో దూరి, రెండు వారాలు మడమ ఎత్తుకుని నడిచాక, ఈ గాజు గొడవ ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నారు. అంటే కొట్టు తీసుకోమని అర్థం. ఆవిడ ఒప్పుకోవడం కూడా వద్దు అనే రూపంలోనే ఉంటుంది. సోమవారం బ్యాంకుకి వెళ్ళి, గది యజమానికి అడ్వాన్సు ఇవ్వాలని ఖాయమైంది. ఇల్లంతా కలిసి కూడబెట్టింది అత్తగారి పేరనే ఉంది. మాస్టారి పేరన ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సరిగ్గా ఆ సోమవారానికి వారం రోజుల ముందు మాస్టారు భోజనాల దగ్గర నసుగుతూ ఒక మాట బయటపెట్టారు. ఆయన దగ్గర కారు నేర్చుకుంటున్న ఒకమ్మాయి సముద్రం ఒడ్డున కొత్తగా కడుతున్న రిసార్టులో ఫ్లాట్లు అమ్ముతుంది. తప్పు చేస్తున్నావని మాస్టారు ఎన్నడూ చెప్పకపోవడంతో ఆ అమ్మాయి లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. కారు నడపడం రాకపోయినా మనుషుల్ని చదవడం ఆమెకి బాగా వచ్చు. ఆదివారం అందరూ రావాలి మాస్టారూ, చూసి వెళ్ళండి చాలు, భోజనం కూడా మాదే అంది. ఈయన సరేలెండి అన్నారు.

కోడలి గుండెల్లో రాయి పడింది. చూడటానికని వెళ్ళి ఈయన ఏనాడు ఉత్త చేతులతో వచ్చారు గనక. వెళ్ళకుండా ఆపడం కుదరదు, మాటిచ్చేశారు. ఇక మిగిలిన దారి ఒక్కటే, అత్తగారు. ఇన్నేళ్ళూ తనని కట్టేసిన ససేమిరాని ఒక్కరోజు తన తరఫున వాడుకోవాలి. అలాగని ఆవిడ దగ్గరికెళ్ళి, అత్తయ్యా మీరు వద్దనండి అంటే పని చెడుతుంది. ఆవిడ ఒకరు చెప్పినట్టు ఎప్పుడూ చెయ్యలేదు. కోడలు బాగా ఆలోచించి, తాను దేన్ని మెచ్చుకుంటే అత్తగారు దాన్నే వద్దంటారు కాబట్టి, ఆ ఫ్లాటుని ఆకాశానికెత్తెయ్యాలని తీర్మానించుకుంది. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

ఇక వారమంతా అత్తగారి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. సముద్రపు గాలికి కీళ్ళ నొప్పులు పోతాయంది. లిఫ్టు ఉంటుందంది. పొద్దున్నే అలల చప్పుడు వింటూ లేవడం తన చిన్ననాటి కోరికంది. నిజానికి చిన్నప్పుడు ఆమెకి సముద్రమంటే భయం. శుక్రవారం నాటికి ఊపు మరీ ఎక్కువైపోయి, కొట్టుదేముంది అత్తయ్యా, ఎప్పుడైనా తీసుకోవచ్చు అని కూడా అనేసింది. అత్తగారు ఆ వారం రోజులూ ఏమీ అనలేదు. ఒకటి రెండుసార్లు కోడలి చెవి వంక కాక మొహం వంక చూశారు. కోడలు అది గమనించలేదు.

ఆదివారం బయల్దేరారు. పెద్దవారు కాబట్టి ముందు సీటు ఎప్పుడూ అత్తగారిదే, కాబట్టి రెండో బ్రేకూ ఆవిడదే. మాస్టారు పాఠాలు చెప్పేటప్పుడు తాకని ఆ బ్రేకుని ఆవిడ కుటుంబ ప్రయాణాల్లో ధారాళంగా వాడతారు. దారిలో చెయ్యెత్తిన ప్రతివాడికీ మాస్టారు బండి నెమ్మది చెయ్యబోతే మాత్రం తొక్కరు, ముందుకు పోనియ్యమంటారు. రెండు గంటల ప్రయాణం మూడు గంటలైంది. రిసార్టు గేటు దగ్గర కాపలా మనిషి కారు మీది ఎల్ బోర్డు చూసి, లోపల నేర్పడానికి వీల్లేదన్నాడు. ఎవరూ ఏమీ నేర్చుకోవట్లేదని అత్తగారు జవాబిచ్చారు.

రిసార్టు అంటే అప్పటికి నాలుగు స్తంభాల మీద లేచిన ఇనుప ఊచలు, ఒక క్రేను, తివాచీ పరిచిన ఒక ఆఫీసు. ఆఫీసు లోపలే నమూనా ఫ్లాటు కట్టిపెట్టారు. సేల్స్ అమ్మాయి చెప్పులు విప్పించి లోపలికి తీసుకెళ్ళింది. హాల్లో టీవీ అట్టముక్క, బల్ల మీది పళ్ళు ప్లాస్టిక్‌వి. అలమారలో పుస్తకాల వీపులు మాత్రమే ఉన్నాయి, పుస్తకాల్లేవు. మూడో సంపుటం నుంచి కూడా లేవా అని లాయరమ్మ అడిగింది. వంటింట్లో కుళాయి తిప్పి చూసి, నీళ్ళు రావట్లేదంది. ఇది నమూనా కదమ్మా అంది సేల్స్ అమ్మాయి. అయితే డబ్బులు కూడా నమూనావి ఇవ్వచ్చా అని అడిగింది లాయరమ్మ. మాస్టారు కూతురి తరఫున క్షమాపణ చెప్పుకుని, ప్లాస్టిక్ పళ్ళు చాలా బాగున్నాయన్నారు.

అసలు విశేషమంతా పడకగదిలో ఉంది. మంచం ఎదురుగా గోడ నిండా పెద్ద కిటికీ, అందులో సముద్రం. అది అచ్చువేసిన బొమ్మ, వెనకనుంచి దీపం పెట్టారు. అసలు సముద్రం ఆ గోడకి అవతల, పది అడుగులు నడిస్తే కనబడేంత దూరంలో ఉంది. చప్పుడు కూడా వినిపిస్తోంది. కానీ అందరూ నిలబడి బొమ్మనే చూశారు. కోడలి కన్ను అలవాటు కొద్దీ ఫ్రేము మూల మీదికి పోయింది. అతుకు విడిపోయి సన్నటి సందు కనబడుతోంది. తనైతే ఇలా వదిలేది కాదనుకుంది.

అత్తగారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. మంచం మీద కూర్చుని చూశారు, లేచి చూశారు. ఇదంతా వద్దనడానికి ముందు సన్నాహమని కోడలు లోలోపల సంబరపడింది. చివరి పూతగా, ఎంత బావుందో కదా అత్తయ్యా అని గట్టిగా అంది కూడా.

భోజనాలయ్యాయి. ఐస్‌క్రీం కప్పుల మధ్య సేల్స్ అమ్మాయి కాగితాలు పరిచింది. ఇవాళే ఖాయం చేసుకుంటే ధరలో తగ్గింపు, అడ్వాన్సు చెక్కు సోమవారం ఇచ్చినా ఫర్వాలేదంది. మాస్టారు కాగితాల్ని ప్రేమగా చూసి, సరేలెండి, మా అమ్మ ఎలా అంటే అలా అన్నారు. అందరూ అత్తగారి వైపు తిరిగారు. కోడలు వెనక్కి ఆనుకుని కూర్చుంది.

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"సరే," అన్నారు. "తీసుకుందాం."

లాయరమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. మాస్టారు తల్లి మొహంలోకి, ఒంట్లో బాగాలేదేమోనన్నట్టు చూశారు. తేలు కుట్టిన దొంగకైనా అరవడానికి ఎక్కడో ఒక చాటు దొరుకుతుంది. కోడలికి అదీ లేదు. కళ్ళముందు వీధి చివరి గది తలుపులు మూసుకుపోయాయి. సేల్స్ అమ్మాయి మాత్రం మేనేజర్ని తీసుకొస్తానని దాదాపు పరిగెత్తింది.

"అత్తయ్యా, మీరు... సరే అన్నారేమిటి?" అంది కోడలు.

"నీకోసమే. వచ్చిన దగ్గర్నుంచి నీ మాట ఒక్కటీ నెగ్గనివ్వలేదు. వారం రోజులుగా దీని గురించే కలవరిస్తున్నావు. కొట్టు కూడా మానుకుంటానన్నావంటే ఎంత ఆశపడ్డావో అనుకున్నాను. ఈ ఒక్కదానికైనా అడ్డం రాకూడదనుకున్నాను."

ఆ మాటలు ఆవిడ కోడలి కళ్ళల్లోకి చూస్తూ అన్నారు. కోడలికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ ఒక్క సరే కోసం మొహం వాచి ఉంది. తీరా అది వచ్చేసరికి వద్దని దణ్ణం పెట్టుకోవలసి వచ్చింది. అబద్ధాన్ని ఇంకా లాగడం తన వల్ల కాక, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మీరు వద్దంటారనే అంతగా పొగిడానంది. తనకి సముద్రమంటే భయమని, ఆ గది తప్ప ఇంకేమీ అక్కర్లేదని చెప్పింది. మాస్టారు ఐస్‌క్రీం కప్పు మీద రాసి ఉన్నదంతా శ్రద్ధగా చదువుకున్నారు.

అత్తగారి మొహంలో కోపం లేదు. బహుమతి విప్పకముందే తిప్పి పంపితే మనిషి ఎలా చిన్నబోతుందో అలా చిన్నబోయారు.

"అయితే ఆ అమ్మాయి రాగానే నువ్వే చెప్పు," అన్నారు చివరికి. "అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. వాడికి అసలు మాటే లేదు."

సేల్స్ అమ్మాయి మేనేజర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలు మొదట నెమ్మదైన దారులు వెతికింది. ఇంట్లో మాట్లాడుకుని చెప్తామంది. అందరూ ఇక్కడే ఉన్నారు కదా మేడమ్ అంది అమ్మాయి. సముద్రపు గాలి మా పాపకి పడదు, దగ్గొస్తుందంది. నాకు దగ్గెప్పుడూ రాలేదని లాయరమ్మ సాక్ష్యం చెప్పింది. దూరమంది. కొత్త రోడ్డు పడుతోందన్నాడు మేనేజరు. ఇరుకంది. పెద్దది కూడా ఉందన్నాడు. ఆమె దగ్గర సాకులు అయిపోతున్నాయి, వాళ్ళ దగ్గర జవాబులు అయిపోవడం లేదు. మేనేజరు కలం మూత తీసి అత్తగారి ముందు పెట్టాడు.

అప్పుడు కోడలికి ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్ళలో అత్తగారు ఒక్కసారి కూడా కారణం చెప్పలేదు. అది పొగరనుకునేది తను. పొగరు కాదు, పనితనం. కారణం చెప్తే దానికి మందు ఉంటుంది. వట్టి వద్దుకి ఎవరి దగ్గరా మందు లేదు.

"వద్దండీ," అంది కోడలు.

"ఎందుకొద్దు మేడమ్?"

"వద్దు, అంతే."

మేనేజరు ఇంకో వాక్యం వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ఆ అమ్మాయి మాస్టారి వంక ఆశగా చూసింది. మాస్టారు నోరు తెరవబోయి, భార్య మొహం చూసి, కప్పులో కరిగిపోయిన ఐస్‌క్రీం తాగేశారు. మేనేజరు కలం మూత పెట్టుకున్నాడు. వద్దని అన్నంతసేపూ కోడలు ఆ అమ్మాయి మొహమే చూసింది. ఆ నవ్వు మెల్లగా ఆరిపోవడం చూసింది. నెగ్గానన్న సంతోషం కలగలేదు. ఎవరి మీదో చెయ్యి చేసుకున్నట్టు అనిపించింది.

వచ్చినందుకు అసలు సముద్రాన్ని కూడా చూసి పోదామన్నారు అత్తగారు. ఆఫీసు వెనక ఇసుకలో నడిచారు. మాస్టారు, లాయరమ్మ నీళ్ళలోకి దిగారు. అత్తగారు చీర కొంచెం పైకి పట్టుకుని మడమ తడుపుకుంటుంటే, కోడలు నీళ్ళు తగలని చోట నిలబడింది.

"ఆ నీలం తెరలు నాకూ నచ్చాయి," అన్నారు అత్తగారు, సముద్రం వంక చూస్తూనే.

"మరి వద్దన్నారేం?"

"ఆ రోజు పొద్దునే వాడు ఆ వ్యాయామం సైకిలు అమ్మేవాడికి సరేలెండి అన్నాడు. వాళ్ళ నాన్నా అంతే. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆపాలి కదా. వాణ్ణి ఆపలేక నిన్ను ఆపాను. నువ్వు తేలిగ్గా ఆగేదానివి." చీర ఇంకొంచెం పైకి పట్టుకుని మళ్ళీ అన్నారు. "వద్దనడం కష్టమేం కాదు. అన్నాక వాళ్ళ మొహం చూడటమే కష్టం. నేనైతే చూడను. చెవి చూస్తాను."

కోడలు తన చెవి తడుముకుంది. మార్చి చూసిన మూడు జతల కమ్మలు గుర్తొచ్చి ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళూ చెమర్చాయి. రేపు పొద్దున్నే బ్యాంకుకి పోదాం, ఆలస్యమైతే జనం ఉంటారు అన్నారు అత్తగారు, ఇంకేమీ జరగనట్టు.

కారు దగ్గరికి వచ్చాక అత్తగారు ముందు తలుపు దగ్గర ఆగారు. తలుపు తీసి, తాను ఎక్కకుండా వెనక్కి నడిచి మనవరాలి పక్కన కూర్చున్నారు. కాళ్ళు చాపుకోవాలి, ఇసుక అంటుకుంది అన్నారు. వెనక సీట్లో కాళ్ళు చాపుకునే చోటు లేదని లాయరమ్మ అభ్యంతరం చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. కోడలు ముందు కూర్చుంది. కాళ్ళ దగ్గర రెండో బ్రేకు మీది రబ్బరు ఒక పక్కన బాగా అరిగిపోయి ఉంది.

గేటు దాకా వచ్చేసరికి సేల్స్ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. మెల్లగా కదులుతున్న కారు పక్కనే నడుస్తూ, కిటికీ మీద చెయ్యి వేసి మళ్ళీ నవ్వింది. వచ్చే ఆదివారం కొండ మీద విల్లాలు చూపిస్తానంది.

"ఊరికే చూడ్డానికే మాస్టారూ, మీరు తప్పకుండా రావాలి."

మాస్టారి మొహం విప్పారింది.

"సరేలె..."

కారు దబ్బున ఆగింది. నలుగురూ ముందుకి తూలారు. లాయరమ్మ ముక్కు సీటుకి కొట్టుకుంది. అమ్మాయి చేతిలో కాగితాలు నేల మీద పడ్డాయి. మాస్టారు మిగతా మాట మింగేసి, తన కాళ్ళ వంక అనుమానంగా చూసుకున్నారు.

కోడలు కిటికీలోంచి సేల్స్ అమ్మాయి ఎడమ చెవి వంక చూసింది. చిన్న ఆకుపచ్చ రాయి పెట్టుకుంది, బాగుంది.

"వచ్చే ఆదివారం కుదరదమ్మా," అంది ఆ చెవితో.

కారు గేటు దాటి రోడ్డెక్కింది. వెనక సీట్లో అత్తగారు మనవరాలి భుజానికి తల ఆనించి, కళ్ళు మూసుకునే అన్నారు.

"అంత గట్టిగా తొక్కక్కర్లేదమ్మాయ్, మెల్లగా తొక్కినా ఆగుతుంది. నాకూ మొదట్లో ఇలాగే అయ్యేది."